తాళంచెవులు వచ్చేదాకా

షిహెజ,
అక్టోబరు 6, 2011

అక్కా,

నీ ఆరోగ్యం అడిగి ఉత్తరం మొదలుపెట్టే ఓపిక ఈ రోజు నాకు లేదు. మన ఊరి నుంచి పత్తి ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళలో ఒకావిడ నిన్న మా కాలనీకి వచ్చింది. హౌ వాళ్ళ కోడలట. నలభై ఏళ్ళు మిల్లులో మగ్గాల మధ్య నిలబడ్డ చెవులు నావి, వినపడవని ఆవిడకి తెలుసు. సుద్దముక్కతో గోడ మీద రాసింది, "మీ అక్క విడాకులు తీసుకుంది" అని. ఇంకెవరి అక్కో అనుకుని నవ్వాను. ఆవిడ నీ పేరు రాసింది, బావ పేరు రాసింది, కింద ఆగస్టు నెల అని రాసింది. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

అరవయ్యారేళ్ళకి విడాకులా? మనవడికి పిల్లని వెతికే వయసులో? మీ పెళ్ళయిన నెలకే నేను ఈ ఇసుకదిబ్బలకి రైలెక్కాను. స్టేషన్లో తన మెడలో కండువా తీసి నా మెడకి చుట్టింది ఆ పాన్ షుయ్‌గన్ కాదూ? "అక్కని నేను చూసుకుంటానురా" అన్న మనిషి ఆయన కాదూ? నలభై అయిదేళ్ళు చూసుకుని ఇప్పుడు విసుగొచ్చిందా ఆయనకి?

ఈ ఉదయం ఆయన చేతిరాతతో నాకు ఒక కవరు వచ్చింది. ఏవో సంజాయిషీలు రాసి ఉంటాడు. విప్పలేదు. పోస్ట్‌మన్ చేతే 'తీసుకోలేదు' అని ముద్ర వేయించి, వచ్చిన దారినే పంపించేశాను. నా అక్కని వదిలేసినవాడి ఉత్తరం నా ఇంట్లోకి రాదు.

నువ్వు వెంటనే రాయి. రావాలనుకుంటే మా ఇంట్లో నీకో మంచం ఉంది.

నీ తమ్ముడు,
హెంగ్‌తాయ్


కావ్‌జాయ్,
అక్టోబరు 19, 2011

ఒరే పిచ్చి తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి, కడుపు పట్టుకుని నవ్వి, తర్వాత కాస్త ఏడ్చాను కూడా. ఈ వయసులో కూడా నా కోసం పోట్లాడేవాడు ఒకడున్నాడని.

మాలో ఎవరూ ఎవరినీ వదల్లేదు. ఆగస్టులో ఊరు ఊరంతా విడాకులు తీసుకుంది. మన ఊరిని పడగొడుతున్నారు కదా, ఇళ్ళకి బదులు ఫ్లాట్లు ఇస్తారు. రిజిస్టరులో ఒక కుటుంబానికి ఒక ఫ్లాటు. మొగుడూ పెళ్ళాం విడివిడిగా ఉంటే ఇద్దరికీ చెరొకటి. ఈ కిటుకు ముందు ఎవరికి తట్టిందో గానీ, వారంలో చంటిపిల్లల తల్లుల నుంచి పళ్ళూడిన ముసలాళ్ళ దాకా అందరూ ఆఫీసు ముందు వరసలో ఉన్నారు. మేమూ తెల్లారి ఆరింటికే మడత స్టూళ్ళు పట్టుకుని వెళ్ళాం. మా అబ్బాయి లీజున్ తన కొడుక్కి సంబంధాలు చూస్తున్నాడు. సొంత ఫ్లాటు లేని పిల్లాడికి పిల్లనెవరిస్తారు? అందుకని లీజునే కాగితాలు పూర్తి చేసిపెట్టాడు.

కౌంటర్లో అమ్మాయి అడిగింది, "ఎందుకు విడిపోతున్నారు?" అని. మీ బావ చాలా గంభీరంగా ముఖం పెట్టి, "నలభై అయిదేళ్ళుగా కూరలో ఉప్పెక్కువ వేస్తోందమ్మా. ఇంక నా వల్ల కాదు" అన్నాడు. ఆ పిల్ల నవ్వలేదు. ఆ పొద్దుటి నుంచి అలాంటివి ముప్ఫయి విని ఉంటుంది. ఇద్దరికీ చెరో పుస్తకం ఇచ్చారు. విడాకుల పుస్తకం కూడా పెళ్ళి పుస్తకంలాగే ఎర్రగా ఉందిరా, లోపల ఫోటోలో మాత్రం ఒక్కరే ఉంటారు. బయటికొచ్చి మాంసం పులుసులో నూడుల్స్ తిన్నాం, విడాకుల విందు అని ఆయనే తినిపించాడు. బస్సులో మాత్రం నా పక్కన కూర్చోలేదు. "పరాయి ఆడమనిషి పక్కన ఎలా కూర్చుంటాను?" అన్నాడు.

సెప్టెంబరు చివర్న జాబితా అంటించారు. మా పేర్లు విడివిడిగా ఉన్నాయి. పని అయిపోయింది. తాళంచెవులు రాగానే మళ్ళీ పెళ్ళి చేసుకుంటాం.

ఆయన నీకు రాశాడన్న సంగతి నాకు తెలియదు. అడిగితే, "ఏముంది, గోధుమల సంగతి" అన్నాడు. గోధుమలెక్కడివి మనకిప్పుడు? పొలంలో క్రేన్లు నిలబడి ఉన్నాయి.

నవ్వుకుంటూ,
అక్క సూయే


షిహెజ,
నవంబరు 5, 2011

అక్కా,

చెప్పుతో కొట్టు నన్ను. నీ ఉత్తరం మా ఆవిడకి చూపిస్తే, నాకు వినపడదని కూడా మర్చిపోయి పావుగంట తిట్టింది. పెదాలు చూస్తే చాలు, అర్థమైంది.

పార్సెల్లో రెండు కిలోల ఎండుద్రాక్ష, ఒక ఎర్ర పట్టు బొంత తొడుగు పంపుతున్నాను. తొడుగు మీ రెండో పెళ్ళికి. తాళంచెవులు ఎప్పుడొస్తాయో రాయి, టిక్కెట్టు తీయించుకుంటాను. మొదటి పెళ్ళిలో నాకు మీ ఇద్దరి మధ్య కూర్చోవాలని ఎంత ఉండేదో, అమ్మ లాగేసింది.

బావకి నా తరఫున క్షమాపణ చెప్పు. ఆ గోధుమల ఉత్తరం మళ్ళీ రాయమను. ఈసారి కళ్ళకద్దుకుని చదువుతాను.

నీ బుద్ధిలేని తమ్ముడు


కావ్‌జాయ్ పక్కన, అద్దె గది,
ఫిబ్రవరి 20, 2012

తమ్ముడూ,

చాంద్రమాన కొత్త సంవత్సరం ఈసారి అద్దె గదిలో గడిచింది. మన ఇల్లు నవంబరులో పడిపోయింది. చూడ్డానికి నేను వెళ్ళలేదు, మీ బావ వెళ్ళాడు. వంటింటి తలుపు గొళ్ళెం ఒకటి జేబులో వేసుకుని వచ్చాడు. దాన్నిప్పుడు దేనికి బిగిస్తాడో ఆయనకే తెలియాలి.

మీ బావకి నీ మీద కోపం పోలేదు. "మళ్ళీ రాయమంటున్నాడు తమ్ముడు" అంటే, "ఒకసారి గుమ్మంలోంచి గెంటించుకున్న ఉత్తరాన్ని మళ్ళీ పంపే అలవాటు మా వంశంలో లేదు" అన్నాడు. అలిగాడు. ముసలివాళ్ళ అలక, చిన్నపిల్లలతో కూడా పోల్చలేం. ఎండుద్రాక్ష మాత్రం మొత్తం తనే తిన్నాడు.

అందరికీ నన్ను ఎలా పరిచయం చేస్తున్నాడో తెలుసా? "మా మాజీ." ఇంటి యజమానురాలు నిజమనుకుని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేను అరిచాను. ఆయన నవ్వాడు. కానీ తమ్ముడూ, నవ్విన తర్వాత ఎప్పుడూ అదే మాట: "వెళ్దాం సూయే. వెళ్ళి మళ్ళీ రాయించుకుందాం."

నేనేమో ఆగమంటున్నాను. తాళంచెవులు ఇచ్చేముందు మళ్ళీ రిజిస్టరు చూస్తారట. కలిసిపోయినవాళ్ళ ఫ్లాటు ఒకటి కోసేస్తారట. ఇది మార్కెట్లో అందరూ అంటున్నమాట. లీజున్ కూడా, "అమ్మా, ఇంత చేసి చివర్లో పాడుచేయకండి" అని బతిమాలాడు. హౌ వాళ్ళ ముసలాళ్ళు మాత్రం ఎవరి మాటా వినకుండా పోయిన నెలలోనే మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. అప్పటి నుంచి మీ బావ పోరు ఎక్కువైంది. "హౌ గాడికున్న ధైర్యం నాకు లేదా?" అని.

నాకేం తోచడం లేదు. ఇక్కడ నాకు సలహా చెప్పేవాళ్ళు లేరు. నువ్వు చదువుకున్నవాడివి, పెద్ద మిల్లులో పనిచేసినవాడివి. నువ్వేమంటావు? నువ్వు ఎలా అంటే అలా చేస్తాను.

అక్క


షిహెజ,
మార్చి 9, 2012

అక్కా,

ఇందులో ఆలోచించడానికేముంది? ఆగండి. నలభై అయిదేళ్ళు ఉన్నవాళ్ళకి ఇంకో ఏడాది లెక్కా? కాగితం ఎర్రగా ఉంటే ఏమిటి, పచ్చగా ఉంటే ఏమిటి? మీరిద్దరూ ఒకే గదిలో ఉన్నారు, ఒకే కుండలో వండుకుంటున్నారు. మా మిల్లు మూసేసినప్పుడు తొందరపడి సంతకాలు పెట్టినవాళ్ళు ఎలా నష్టపోయారో నేను కళ్ళారా చూశాను. ఆగినవాళ్ళే బాగుపడ్డారు. పెద్దవాళ్ళ సరదా కోసం మనవడి ఇల్లు పోగొట్టకండి.

బావకి చెప్పు, కొత్త పెళ్ళికొడుకు అంత ఆత్రపడకూడదని.

హెంగ్‌తాయ్


అద్దె గది,
అక్టోబరు 8, 2012

తమ్ముడూ,

నీ మాట ప్రకారమే ఇన్నాళ్ళూ ఆగాం. నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ బావ, "వాడూ అంతేనా" అన్నాడు. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తడం మానేశాడు. నేనూ హాయిగా ఉందనుకున్నాను.

ఇప్పుడు ఇంకో సంగతి వచ్చిపడింది. గోధుమచేలో మన సమాధులు ఉన్నాయి కదా, ఆ స్థలంలో రోడ్డు పడుతోంది. పోయిన నెలలో మామగారినీ అత్తగారినీ తవ్వి తీశారు. మీ బావ తన చేతులతో ఎముకలు ఎర్రగుడ్డలో కట్టాడు. కొత్తగా కట్టిన శ్మశానంలో గోడ నిండా అస్థికలు పెట్టే సిమెంటు అరలున్నాయి. అరవై దాటిన మాక్కూడా ఇప్పుడే కేటాయించేశారు, తర్వాత గొడవలు రాకుండా. దంపతులకి జంట అర, ఒంటరివాళ్ళకి ఒంటి అర.

నీకు అర్థమయ్యే ఉంటుంది. రిజిస్టరు చూసి ఇచ్చారు.

మీ బావది తొమ్మిదో వరస. పెళ్ళికాని మగవాళ్ళ వరస. నాది ఇరవైమూడు. ఊరు ఊరంతా ఆ గోడ ముందు తలలు పట్టుకుని నిలబడింది. ఫ్లాటు కోసం విడిపోయినవాళ్ళం అందరం, అలా నిలబడి మా నంబర్లు చూసుకున్నాం. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు. హౌ ముసలాళ్ళకి మాత్రం జంట అర వచ్చింది.

కమిటీ ఆఫీసులో అడిగాం. "కొత్త పెళ్ళి పుస్తకం తెండి, మారుస్తాం. కాకపోతే బతికుండగానే తేవాలి" అన్నాడు అక్కడి గుమాస్తా. తప్పు మాటేం కాదు, కానీ అలా అనాలా?

ఇంటికొచ్చాక మీ బావ బూట్లు విప్పుకుంటూ అన్నాడు: "ఇల్లు లేకపోతే ఎక్కడో ఒకచోట ఉంటాం సూయే. అక్కడ మాత్రం నువ్వు పక్కన లేకపోతే నాకు నిద్రపట్టదు." ఆయన వేళాకోళం ఆడడం లేదని తెలిసి నాకు భయమేసింది. తమ్ముడూ, ఫ్లాటు పోతే పోనీ. లీజున్‌కి నేనే చెబుతాను. వచ్చే సోమవారం వెళ్తున్నాం. నీలం కోటు ఇస్త్రీ చేసి పెట్టాను. నీ ఎర్ర తొడుగు కూడా బయటికి తీశాను.

అక్క


షిహెజ,
అక్టోబరు 20, 2012

అక్కా! బావా!

శుభాకాంక్షలు! ఈ ఉత్తరం చేరేసరికి మీరు కొత్త దంపతులై ఉంటారు. మా ఆవిడ నూడుల్స్ చేసింది, మీ పేరు చెప్పుకుని రెండు గిన్నెలు తిన్నాను. బావ మళ్ళీ ఉప్పు సంగతి ఎత్తాడా కౌంటర్లో? పెళ్ళి ఫోటో ఒకటి తప్పకుండా పంపండి, ఇద్దరూ ఒకే ఫోటోలో ఉండాలి.

నేను కూడా ఇక్కడ మా ఆవిడకి చెప్పాను, మనకీ ఒక జంట అర చూసుకుందామని. "బతికుండగానే నీ గురక భరించలేకపోతున్నాను, పోయాక కూడానా" అంది.

సంతోషంతో,
హెంగ్‌తాయ్


అద్దె గది,
డిసెంబరు 2, 2012

తమ్ముడూ,

నీ శుభాకాంక్షలు ఆసుపత్రిలో చదివాను. జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

సోమవారం వెళ్దామనుకున్నాం కదా. ఆదివారం పొద్దున్న మీ బావ, "పెళ్ళికొడుకు క్షవరం లేకుండా ఎలా?" అని మంగలి దగ్గరికి వెళ్ళాడు. సగం తల అయ్యాక కుర్చీలో పక్కకి ఒరిగిపోయాడు. కుడిపక్క మొత్తం పడిపోయింది.

ఆసుపత్రిలో కాగితం మీద సంతకం పెట్టాలన్నారు. పెన్ను తీసుకున్నాను. "ఆయనకి మీరేమవుతారు?" అన్నారు. భార్యనన్నాను. కంప్యూటర్ చూసి, "విడాకులని ఉందమ్మా" అన్నారు. తమ్ముడూ, నా నోటితో నేను నిజం చెప్పినా అబద్ధం అయిపోయింది. లీజున్ బస్సు దిగి వచ్చేదాకా రెండు గంటలు ఆ పెన్ను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఆ రెండు గంటలు ముందైతే ఏమయ్యేదో డాక్టర్ని నేను అడగలేదు. నువ్వూ అడగకు.

బతికాడు. కానీ మాట పోయింది. ఒక్క మాట మాత్రం మిగిలింది. "వద్దు." గంజి పెడితే "వద్దు" అంటూ తాగుతాడు. దుప్పటి కప్పితే "వద్దు" అంటూ దగ్గరికి లాక్కుంటాడు. లీజున్ వస్తే "వద్దు, వద్దు" అని నవ్వుతాడు. తాను సరిగ్గానే చెబుతున్నానని ఆయన అనుకుంటున్నాడు. వారం తిరిగేసరికి ఏ వద్దుకి ఏమిటో నాకు తెలిసిపోయింది.

పోయిన గురువారం చక్రాల కుర్చీలో ఆఫీసుకి తీసుకెళ్ళాం. లీజునే తోశాడు, ఫ్లాటు గురించి ఒక్క మాట కూడా అనలేదు పాపం. నీలం కోటు తొడిగాను. అదే కౌంటరు, అదే అమ్మాయి. మంచి పిల్ల. కుర్చీలోంచి లేచి వచ్చి, ఆయన ముందు వంగి, మెల్లగా అడిగింది: "తాతయ్యా, ఈమెని మీ ఇష్టంతో పెళ్ళి చేసుకుంటున్నారా?"

మీ బావ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "వద్దు" అన్నాడు.

ఆ పిల్ల మళ్ళీ అడిగింది. తల ఊపుతూ, ఏడుస్తూ, "వద్దు, వద్దు, వద్దు" అన్నాడు. మూడోసారి అడిగి ఆ అమ్మాయి కూడా కళ్ళు తుడుచుకుంది. "బామ్మా, నాకు తెలుస్తోంది. కానీ నేను రాయాల్సింది ఆయన నోటి మాట. తల అవునంటోంది, నోరు కాదంటోంది, ఏది రాయను?" అంది. ఆసుపత్రి నుంచి సర్టిఫికెట్ తెమ్మంది. తెచ్చాం. అందులో, 'తన ఇష్టాన్ని తాను చెప్పగల స్థితిలో లేడు' అని ఉంది. దానితో ఆ తలుపూ మూసుకుపోయింది.

గురువారం తిరిగొచ్చే దారి పొడవునా ఆయన సంతోషంగా ఉన్నాడు. పెళ్ళి అయిపోయిందనుకున్నాడు. నేను కాదని చెప్పలేదు. ఆ రోజు నీ ఎర్ర తొడుగు బొంతకి వేశాను.

అక్క


షిహెజ,
డిసెంబరు 15, 2012

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆగమని రాసింది నేను. ఈ చేతులతోనే రాశాను. మిల్లు సంగతీ, సరదా సంగతీ రాసి తెలివి ప్రదర్శించాను. అవతల ఒక మనిషి ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చున్నాడని నాకు తెలియలేదు.

ఫిబ్రవరిలో కొత్త సంవత్సరం రద్దీకి టిక్కెట్లు లేవు. నెలాఖరుకి దొరికింది. నేను వస్తాను. ఆయనకి మాట రాదు, నాకు వినపడదు, మా ఇద్దరికీ బాగా కుదురుతుంది. పక్కన కూర్చుంటాను, చాలు.

అక్కా, నేను తిప్పి పంపిన ఆ కవరు ఈ మధ్య రోజూ గుర్తొస్తోంది. అందులో గోధుమల సంగతే కదా ఉంది? అంతే అయ్యుంటుంది కదా?

హెంగ్‌తాయ్


అద్దె గది,
ఫిబ్రవరి 16, 2013

తమ్ముడూ,

నీ టిక్కెట్టు రద్దు చేసుకో. పదో తేదీ, కొత్త సంవత్సరం మొదటిరోజు పొద్దున్నే, మీ బావ వెళ్ళిపోయాడు. గంజి పట్టుకొచ్చేసరికి వెళ్ళిపోయి ఉన్నాడు. బొంత అంచు గుప్పిట్లో ఉంది.

దహనం దగ్గర ఫారంలో మళ్ళీ అదే అడిగారు, చనిపోయినవారికి మీరేమవుతారని. ఈసారి పేచీ పెట్టలేదు. 'పొరుగు మనిషి' అని రాశాను. తొమ్మిదో వరసలో పెట్టాం. ఆయనకి ఒకపక్క కసాయి ల్యూ ఉన్నాడు, ఆ నోటికి జడిసి ఎవరూ పిల్లనివ్వలేదే, వాడు. అక్కడి నుంచి నా అర దాకా నడిచి చూశాను. నూటపద్దెనిమిది అడుగులు. నా మోకాళ్ళతో పావుగంట.

తాళంచెవులు ఏడో తేదీనే వచ్చాయి. రెండూ ఇచ్చారు. హౌ వాళ్ళకి కూడా రెండూ ఇచ్చారు. ఎవరూ ఏ రిజిస్టరూ మళ్ళీ చూడలేదట. అది వట్టి పుకారు. ఎవరు పుట్టించారో ఎవరికీ తెలియదు. లీజున్ రెండు తాళంచెవులూ నా ముందు పెట్టి, నేల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాడినేమనగలను? వాడు అడిగింది వాడి కొడుకు కోసం. నేను చేసింది నా కొడుకు కోసం.

మూడో రోజున కాగితపు డబ్బులూ కాగితపు బట్టలూ కాల్చేటప్పుడు, ఆయన విడాకుల పుస్తకాన్ని కూడా మంటలో వేద్దామని తీశాను. లోపల మడిచిన కవరు కనిపించింది. నీ అడ్రసు, దాని మీద 'తీసుకోలేదు' అని ముద్ర. అతికించింది అతికించినట్టే ఉంది. తిరిగొచ్చాక ఆయన కూడా విప్పలేదు. నేను విప్పాను. తప్పయితే క్షమించు.

ఆయన ఇలా రాశాడు:

"హెంగ్‌తాయ్, నాకొక్క సాయం చెయ్యి. జాబితా నిన్న అంటించారు. పని అయిపోయింది. రేపే వెళ్ళి మళ్ళీ సంతకాలు పెడదామంటే మీ అక్క ఆగమంటుంది. నిన్న ఒక కాగితం మీద నా పేరు పక్కన 'ఒంటరి' అని రాయాల్సి వచ్చింది. చెయ్యి ఆడలేదు. ఊళ్ళో అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వుతున్నాను, కానీ నాకు బాగాలేదు. సూయే నా మాట ఎప్పుడూ వినలేదు. నువ్వంటే తనకి ప్రాణం. నువ్వు ఒక్క ముక్క రాస్తే వింటుంది. ఆగకు అని రాయి. నేను రాయమన్నానని మాత్రం చెప్పకు, నన్ను ఏడిపిస్తుంది."

అంతే ఉంది. గోధుమల సంగతి లేదు.

నిన్ను దెప్పడానికి రాయడం లేదురా. ఆయన నా ఎదుటే అన్నిసార్లు అడిగాడు, వినపడే చెవులుండి నేను వినలేదు. నీ మీద ఏం తప్పు వేయను? దీన్ని నా దగ్గరే దాచేసి, నీతో గోధుమలనే చెబుదామని మూడు రోజులు అనుకున్నాను. ఒక్కదాన్నే మోయలేకపోతున్నాను.

ఆ కవరుని మళ్ళీ జిగురుతో అతికించి, ఇందులో పెడుతున్నాను. ఆయన నీ కోసం రాసుకున్నది, నీకే చేరాలి. ఈసారి తిప్పి పంపకు.

అక్క